అభ్యాసకుని దూరం: స్వాహిలీ, జర్మన్, గంగారం కోయ

ఒక భాష సులభమా, కఠినమా అని ప్రశ్నించినప్పుడు సమాధానాన్ని ఆ భాషలోనే వెదకడం పరిపాటి. విభక్తులు ఎన్ని, లింగాలు ఎన్ని, క్రియారూపాలు ఎన్ని అని లెక్కించి, సంఖ్య పెరిగినకొద్దీ కాఠిన్యం పెరుగుతుందని నిర్ణయిస్తారు. ఈ లెక్కలో ఒక లోపం ఉంది. నేర్చుకొనేవాడెవడు, అతడు ఏ భాషనుండి బయలుదేరుతున్నాడు అన్న విషయం ఇందులో ఎక్కడా కనబడదు. ప్రయాణం ఎంత దూరమో చెప్పడానికి గమ్యం పేరొక్కటే చాలదు కదా.

అమెరికా విదేశాంగ శాఖవారి శిక్షణ సంస్థ తమ ఉద్యోగులకు ఏ భాష నేర్పడానికి ఎన్ని వారాలు పడుతుందో ఒక పట్టిక సిద్ధం చేసుకొంది. అందులో జర్మన్‌కు సుమారు 36 వారాలు, స్వాహిలీకి కూడా సుమారు 36 వారాలు. ఆంగ్లానికి జర్మన్ దాయాది భాష. స్వాహిలీ మరొక ఖండానికి, మరొక భాషాకుటుంబానికి చెందినది. అయినా రెండూ ఒకే వరుసలో నిలిచాయి. చుట్టరికం ఇచ్చిన సౌలభ్యాన్ని జర్మన్ విభక్తులు, లింగాలు హరించగా, చుట్టరికం లేని లోటును స్వాహిలీ క్రమబద్ధత పూడ్చిందని దీనిని అర్థం చేసుకోవచ్చు. అదే పట్టికలో తెలుగుకు 44 వారాలు. తెలుగింటి శిశువు మూడేళ్లకే అనర్గళంగా మాట్లాడే భాష ఆ పట్టికలో కఠినభాష. పట్టిక తప్పు కాదు. అది ఆంగ్లం మాతృభాషగా గలవారి కొలత. దానిని తెలుగు విద్యార్థికి అప్పగించడమే తప్పు.

ఈ చర్చ కేవలం పాండిత్య వినోదం కాదు. ప్రాచ్య కళాశాలల్లో చదివి భాషాపండితులైనవారు నగరాలలోనే కాక, మహబూబాబాద్ జిల్లా గంగారం వంటి ఏజెన్సీ మండలాలలో కూడా పాఠాలు చెప్పవలసి వస్తుంది. అక్కడ కోయ మాట్లాడే ఇంటినుండి వచ్చిన పిల్లవానికి తెలుగే నేర్చుకోవలసిన రెండవ భాష. ఆ పిల్లవాడు నడవవలసిన దూరాన్ని కొలవడం పండితునికి తెలియాలి. కొలత ఎలా పనిచేస్తుందో గ్రహించడానికి, ఎవరికీ పక్షపాతం లేని రెండు దూరభాషలను తెలుగువాని పక్కన నిలిపి చూడడం మేలు.

మొదట స్వాహిలీ. తూర్పు ఆఫ్రికా తీరంలో పుట్టి, టాంజానియా, కెన్యా దేశాలలో అధికార ప్రతిపత్తి పొందిన ఈ భాష బాంటూ కుటుంబానికి చెందినది. 2021లో యునెస్కో జులై 7వ తేదీని దీని దినోత్సవంగా ప్రకటించింది. మాట్లాడేవారిలో అధికసంఖ్యాకులకు ఇది మాతృభాష కాదు, నేర్చుకొన్న భాష. ఈ సంగతి ముందుకు పనికివస్తుంది.

తెలుగువానికి స్వాహిలీ ఇచ్చే తొలి కానుక దాని అజంతత్వం. స్వాహిలీ మాటలు అచ్చుతోనే ముగుస్తాయి. బయటినుండి వచ్చిన హలంతాలకు సైతం అచ్చు చేర్చుకొనే స్వభావం దానిది. అరబ్బీ కితాబ్ తెలుగులో ‘కితాబు’ అయింది, స్వాహిలీలోనూ ‘కితాబు’ అయింది. హిసాబు అక్కడ ‘హెసాబు’, కలం ‘కలాము’, ఖబరు ‘హబారి’, దునియా ‘దునియా’, సర్కారు ‘సెరికాలి’, బీమా ‘బిమా’. దవాఖానాకు వెళ్లే తెలంగాణ పల్లెవాసికి స్వాహిలీలో మందును ‘దవా’ అంటారని చెబితే ఆశ్చర్యపడతాడేమో గాని మరచిపోడు. హిందూ మహాసముద్రపు వర్తకం, అరబ్బీ పారశీకాల ప్రాబల్యం రెండు తీరాలలోనూ ఒకే పదసంపదను వదలివెళ్లాయి. ఆంగ్ల మాధ్యమంలో రాసిన స్వాహిలీ వాచకాలు ఈ మాటలన్నింటినీ కొత్తమాటలుగానే లెక్కిస్తాయి. తెలుగువానికి అందులో కొంత భాగం ఇంటి సరుకే.

కితాబు విషయంలో ఒక చమత్కారం కూడా ఉంది. స్వాహిలీలో ‘కి’ అనేది వస్తువాచకాలలో ఒక తరగతికి ఏకవచన చిహ్నం, ‘వి’ దానికి బహువచనం. అరబ్బీ మాటలోని మొదటి అక్షరాన్ని ఆ భాష తన ప్రత్యయంగానే భావించి, బహువచనంలో ‘వితాబు’ అన్నది. ధాతువులోని భాగం ప్రత్యయమైపోయింది. వైయాకరణుడు ముక్కు మీద వేలు వేసుకొన్నా, వాడుక తన పని తాను చేసుకొనిపోయింది.

ఇక ఈ తరగతుల విషయం. స్వాహిలీ వ్యాకరణంలో పురుష, స్త్రీ, నపుంసక భేదం లేదు. ఉన్నవి నామవర్గాలు. ఏకవచన బహువచనాలను వేర్వేరుగా లెక్కిస్తే వీటి సంఖ్య పదిహేనుకు పైబడుతుంది. మనుషులకు ఒకటి, చెట్లకు ఒకటి, వస్తువులకు, భాషలకు మరొకటి, ఇలా. ఒకే ప్రాతిపదికకు ఉపసర్గ మారితే అర్థం మారుతుంది. జర్మనీ దేశాన్నే తీసుకొంటే, ‘మ్జెరుమాని’ జర్మన్ మనిషి, ‘వాజెరుమాని’ జర్మన్లు, ‘కిజెరుమాని’ జర్మన్ భాష, ‘ఉజెరుమాని’ జర్మనీ. నామానికి ఏ ఉపసర్గ ఉందో దాని విశేషణానికి, సంఖ్యకు, క్రియకు అదే ప్రతిధ్వనిస్తుంది. ‘మంచి పుస్తకాలు రెండు పడిపోయాయి’ అనడానికి ‘వితాబు విజూరి వివిలి విమెఅంగుక’ అంటారు. నాలుగు పదాలకూ నాలుగు ‘వి’లు.

ఇంతటి వర్గీకరణను చూసి ఆంగ్లవిద్యార్థి బెదరుతాడు. తెలుగు వ్యాకరణం చదివినవాడు అంతగా బెదరనక్కరలేదు. మహత్తు, అమహత్తు అనే విభాగం అర్థాన్నిబట్టి చేసినదే. ‘వాడు వచ్చాడు’, ‘అది వచ్చింది’ అన్నప్పుడు నామం ఏ వర్గానిదో క్రియ చివర చెప్పడం తెలుగువానికి ఉగ్గుపాలతో వచ్చిన విద్య. స్వాహిలీ ఆ పనిని క్రియ మొదట చేస్తుంది, వర్గాల సంఖ్య పెంచుతుంది, అంతే భేదం. రూపంకంటె అర్థానికే ప్రాధాన్యమిచ్చే సందర్భాలు కూడా ఉన్నాయి. నీటిగుర్రాన్ని ‘కిబోకో’ అంటారు. రూపాన్నిబట్టి అది వస్తువర్గంలో చేరాలి. కాని ప్రాణి గనుక విశేషణాలు, క్రియలు మనుషుల వర్గంలోని ఉపసర్గలనే ధరిస్తాయి.

క్రియలో సామ్యం మరింత గాఢం. చదువుట అనే అర్థంలో ‘సోమ’ అనే ధాతువుంది. యజ్ఞంలోని సోమంతో దానికి ఏ సంబంధమూ లేదు. ‘నినసోమ’ చదువుతున్నాను, ‘నిలిసోమ’ చదివాను, ‘నితసోమ’ చదువుతాను. కర్త, కాలం, ధాతువు ముక్కముక్కగా విడదీయవచ్చు, ఏ ముక్కా మరొకదానిని చెడగొట్టదు. ‘సోమేష’ అంటే చదివించు. వండుటకు ‘పిక’, ఒకరికోసం వండుటకు ‘పికియ’. వండు, వండించు, వండుకొను, వండిపెట్టు అని అల్లుకొనే భాషలో పెరిగినవానికి ఈ అల్లిక పరాయిది కాదు. వ్యతిరేకార్థకం సంగతి చూస్తే సామ్యం ఇంకా స్పష్టం. ‘చదువను’ అన్నప్పుడు తెలుగు వేరే నిషేధపదం వాడదు, నిషేధం క్రియలోనే ఇమిడి ఉంటుంది. స్వాహిలీ ‘సిసోమి’ కూడా అంతే. చిన్నయసూరి ప్రకరణాలు చదివిన విద్యార్థికి ఈ రూపాన్ని వ్యతిరేకార్థకమని ఒక్కమాటలో చెప్పి ముందుకు సాగవచ్చు.

తెలుగువానికి అడ్డు తగిలేది పదక్రమం. విశేషణం నామం తరువాత వస్తుంది, కర్మ క్రియ తరువాత వస్తుంది. తెలుగులో ధాతువు ముందు నిలిచి ప్రత్యయాలు వెనుక నడుస్తాయి. స్వాహిలీలో కాలం, కర్త, కర్మ అన్నీ ధాతువు ముందే బారులు తీరుతాయి. అద్దంలో చూసినట్లుండే ఈ విపర్యయానికి అలవాటు పడడానికి కొన్ని నెలలు పట్టవచ్చు. గంటల లెక్క మాత్రం పంచాంగం చూసేవారికి నచ్చుతుంది. ఉదయం ఏడు గంటలను స్వాహిలీలో మొదటి గంట అంటారు. దినం సూర్యోదయంతో మొదలై గడియలు అక్కడినుండి లెక్కకు వచ్చే పద్ధతి ఎరిగినవానికి అందులో వింత లేదు.

జర్మన్ వైపు తిరిగితే స్థితి వేరు. తెలుగు రాష్ట్రాలలో దీనికున్న ఆదరణ స్వాహిలీకి లేదు. జర్మనీలో చదివే భారతీయ విద్యార్థుల సంఖ్య 2023–24లో సుమారు 49 వేలకు చేరింది. అక్కడ నర్సు ఉద్యోగానికి గుర్తింపు పొందాలంటే బి2 స్థాయి జర్మన్ కావాలి. జీవనోపాధితో ముడిపడిన భాష గనుక హైదరాబాదులో తరగతులకు కొదువ లేదు. కాని ఆ తరగతులలో బోధన దాదాపుగా ఆంగ్లం మీదుగానే సాగుతుంది. ఇది చుట్టుదారి.

తెలుగు మాత్రమే వచ్చినవానికి జర్మన్ కఠినమే. సంస్కృతం చదివినవానికి మాత్రం అది సగం తెలిసిన ఊరు. ‘ఇస్ట్’ అంటే అస్తి, ‘జిండ్’ అంటే సన్తి, ‘నామె’ అంటే నామ, ‘డ్రై’ అంటే త్రయః. 1816లో ఫ్రాంజ్ బాప్ సంస్కృత క్రియారూపాలను గ్రీకు, లాటిన్, పారశీక, జర్మానిక్ భాషలతో పోల్చి తులనాత్మక అధ్యయనానికి పునాది వేసింది ఇటువంటి సామ్యాలమీదనే. ఆ పరిశోధన ఫలితం ఐరోపావారికి దక్కింది. జర్మన్ నేర్చుకొనే తెలుగు విద్యార్థి వాచకంలో మాత్రం సంస్కృతం ఊసే ఉండదు.

లింగాల సంగతి చూద్దాం. సూర్యుడు జర్మన్‌లో స్త్రీలింగం, చంద్రుడు పుంలింగం. ‘బాలిక’ అనే అర్థమిచ్చే ‘మేట్షెన్’ నపుంసకం. ఇది అసంబద్ధమని ఆంగ్లరచయితలు ఎంతో పరిహసించారు. భార్య అనే ఒకే అర్థానికి భార్యా శబ్దం స్త్రీలింగం, దార శబ్దం పుంలింగం, నిత్యబహువచనం, కళత్ర శబ్దం నపుంసకం అని తొలి సంవత్సరంలోనే నేర్చుకొన్న సంస్కృత విద్యార్థికి ఈ పరిహాసం అంటదు. లింగం శబ్దానిది గాని అర్థానిది కాదని అతనికి ఎప్పుడో తెలుసు. పైగా ‘మేట్షెన్’ నపుంసకం కావడానికి కారణముంది. అల్పార్థాన్నిచ్చే ఆ ప్రత్యయం చేరిన ప్రతి శబ్దమూ నపుంసకమే.

విభక్తులలో ఒక్క ఉదాహరణ చాలు. ‘బడికి వెళ్తాడు’ అన్నప్పుడు ‘ఇన్ డీ షూలె’, ‘బడిలో ఉన్నాడు’ అన్నప్పుడు ‘ఇన్ డేర్ షూలె’. అవ్యయం ఒకటే, దాని వెనుక విభక్తి మారింది. గమనానికి ద్వితీయ, స్థితికి చతుర్థి. ఆంగ్లంలో దీనిని వివరించడానికి వాచకాలు బాణపు గుర్తులతో బొమ్మలు గీస్తాయి. సంస్కృతజ్ఞునికి పాఠశాలాం గచ్ఛతి, పాఠశాలాయాం తిష్ఠతి అని రెండు వాక్యాలు చెప్పి, జర్మన్‌లో సప్తమి లోపించి దాని పనిని చతుర్థీరూపం స్వీకరించిందని చేర్చితే పాఠం ముగుస్తుంది. సమాసాలు కూడా ఇటువంటివే. ‘క్రాంకెన్‌హౌస్’ రోగుల ఇల్లు, షష్ఠీ తత్పురుషం. ‘హాండ్‌షూ’ చేతిజోడు, అంటే చేతి తొడుగు. సమాసానికి ఉత్తరపద లింగమే వస్తుందన్న పాణినీయ నియమం అక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

తెలుగు ప్రత్యేకంగా సాయపడే చోటు వాక్యనిర్మాణం. ప్రధానవాక్యంలో జర్మన్ క్రియ రెండవ స్థానంలో నిలుస్తుంది. ఉపవాక్యంలో చివరకు పోతుంది. ‘వైల్ ఏర్ డాస్ బూఖ్ లీస్ట్’ అనే ఉపవాక్యంలో కర్త, కర్మ, క్రియ అన్న వరుస ‘అతడు పుస్తకం చదువుతాడు గనుక’ అన్నదానిలోని వరుసే. తేడా అంతా ‘గనుక’ ముందుకు రావడంలోనే. ఆంగ్లం మీదుగా నేర్పే ఉపాధ్యాయుడు ప్రధానవాక్యం సులభమని మొదట, ఉపవాక్యం కఠినమని చాలాకాలం తరువాత చెబుతాడు. తెలుగు విద్యార్థికి సహజమైనది రెండవది. అతనికి సులువైన పాఠాన్ని కఠినమైనదిగా పరిచయం చేస్తున్నారన్నమాట.

రెండింటిలో ఏది సులభమని నిలదీస్తే, తెలుగు మాత్రమే వచ్చినవానికి స్వాహిలీ, సంస్కృతం కూడా వచ్చినవానికి తొలి ఏడాదిలో స్వాహిలీ, ఆపైన జర్మన్ అని చెప్పవలసి ఉంటుంది. జర్మన్‌కు మార్కెట్టు ఉంది గనుక అదే సులభమనే భ్రమ కొందరిలో ఉంది. ఉపయోగం వేరు, సౌలభ్యం వేరు.

ఈ రెండు భాషలకు చరిత్రలో ఒకసారి ముఖాముఖి తటస్థించింది. 1885 మొదలు మొదటి ప్రపంచయుద్ధం వరకు నేటి టాంజానియా ప్రధాన భూభాగం జర్మన్ల ఏలుబడిలో ఉండేది. పాలకులు కింది స్థాయి పరిపాలనకు స్వాహిలీనే వాడుకొన్నారు. వారి ‘షూలె’ స్వాహిలీలో ‘షూలె’గానే స్థిరపడింది. స్వాతంత్ర్యానంతరం జూలియస్ న్యెరేరే ఆ భాషను జాతినిర్మాణానికి సాధనంగా ఎంచుకొన్నాడు. షేక్స్‌పియర్ నాటకం జూలియస్ సీజర్‌ను స్వయంగా స్వాహిలీలోకి అనువదించాడు. నూటికి పైగా భాషలున్న దేశానికి స్వాహిలీ ఒక ఉమ్మడి గొంతు నిచ్చింది. ఆ విజయానికి మరొక ముఖం ఉంది. సుకుమా వంటి భాష మాట్లాడే ఇంటినుండి వచ్చిన పిల్లవానికి బడిలో స్వాహిలీయే మాధ్యమం. రెండూ బాంటూ భాషలే, వ్యాకరణపు అస్థిపంజరం ఒకటే. అంత దగ్గరి భాష గనుక పిల్లవాడు తానే నేర్చుకొంటాడన్న భావనకు అవకాశం కలిగింది.

జర్మన్ మాట్లాడే సీమలలో దీనికి మరొక రూపం కనబడుతుంది. స్విట్జర్లాండులో ఇంట మాట్లాడే జర్మన్ వేరు, బడిలో రాసే జర్మన్ వేరు. అక్కడి ఉపాధ్యాయునికి సాధారణంగా రెండూ వస్తాయి, పిల్లవాని మాట తప్పు కాదని తెలుసు. 2011లో జూరిక్ రాష్ట్రపు ఓటర్లు శిశుతరగతుల్లో ఇంటిమాటకే స్థానం ఉండాలని తీర్పు చెప్పారు.

గంగారం స్థితి ఈ రెండింటిలో సుకుమా పిల్లవాని స్థితికే దగ్గర. 2016లో జిల్లాల పునర్విభజన జరిగేవరకు ఇది వరంగల్లు జిల్లా కొత్తగూడ మండలంలో భాగం. మేడారం జాతరకు పగిడిద్దరాజును తీసుకువెళ్లే పూనుగొండ్ల ఈ మండలంలోనిదే. కోయలు గణనీయంగా ఉన్న అటవీప్రాంతం. 2011 జనాభా లెక్కలలో దేశం మొత్తంమీద కోయను మాతృభాషగా చెప్పినవారు సుమారు 4 లక్షలు. భద్రిరాజు కృష్ణమూర్తి వర్గీకరణ ప్రకారం తెలుగు, గోండీ, కొండ, కుయి, కువి మొదలైనవి ఒకే దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందినవి. కోయ గోండీకి అతిసన్నిహితం. కనుక అది తెలుగుకు సోదరభాష, తెలుగుకు మాండలికం కాదు. ఈ భేదం పుస్తకాలలో ఉన్నంత స్పష్టంగా తరగతిగదిలో ఉండదు.

దగ్గరితనం ఎలా మోసం చేస్తుందో రెండు మూడు ఉదాహరణలతో తెలుస్తుంది. తెలుగులో ఏరు అంటే వాగు. గోండీ, కోయ మాటలలో ‘ఏర్’, ‘ఏరు’ అంటే నీరు. తెలుగులో లోను అంటే లోపలి భాగం. అక్కడ ‘లోన్’ అంటే ఇల్లు. మూలధాతువులు ఒకటే, అర్థాలు దారి మళ్లాయి. వ్యాకరణంలో ఇంకా సూక్ష్మమైన చిక్కు ఉంది. ఏకవచనంలో స్త్రీని అమహత్తుతో కలిపి ‘వచ్చింది’ అనడం తెలుగుకూ గోండీ వర్గానికీ సమానం. బహువచనంలో తెలుగు స్త్రీలను మనుషుల కోవలోకి తెచ్చి ‘వచ్చారు’ అంటుంది. గోండీ, కుయి వంటి భాషలు బహువచనంలో సైతం పురుషులను ఒకవైపు, మిగిలిన సర్వాన్నీ మరొకవైపు ఉంచుతాయి. ఆ అలవాటుతో ఒక పిల్లవాడు ఆడవారి గురించి ‘వచ్చాయి’ అని తెలుగులో అంటే తరగతి నవ్వుతుంది. ఉపాధ్యాయుడు దానిని అమర్యాదగా భావించవచ్చు. నిజానికి పిల్లవాడు తన భాషలోని నియమాన్ని నిక్కచ్చిగా పాటించాడు.

స్వాహిలీ ‘కి’, ‘వి’ల వద్ద తడబడిన తెలుగువానిని ఎవరూ మందబుద్ధి అనరు, అది పరభాష గనుక. జర్మన్‌లో సూర్యుని పుంలింగం చేసినవానిపట్ల సానుభూతి చూపుతారు. సోదరభాషనుండి వచ్చిన తప్పుకు మాత్రం ఆ మన్నన లేదు. దూరభాష తన దూరాన్ని అడుగడుగునా ప్రకటించుకొంటుంది. సమీపభాష దాచుకొంటుంది.

దీనికి ఒక ఆక్షేపం వినబడుతుంది. నేటి కోయ పిల్లలు బడికి రాకముందే తెలుగు వింటున్నారు, కొన్ని కుటుంబాలలో తెలుగే ఇంటిభాష అయింది, ఇంక ఈ చర్చ దేనికని. అందులో కొంత నిజముంది. అయితే అంగడిలో అక్కరకు వచ్చే తెలుగు వేరు, పాఠ్యపుస్తకంలోని సంస్కృతభూయిష్ఠమైన తెలుగు వేరు. పైగా ఇంటిభాష మారిపోతున్నదన్నది బోధనలో ఆ భాషను విస్మరించడానికి హేతువెలా అవుతుందో తెలియదు. విస్మరణే మార్పుకు ఒక కారణం కదా.

ప్రభుత్వపరంగా ప్రయత్నం జరగలేదని కాదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషలలో, తెలుగు లిపిలోనే, తొలితరగతుల బహుభాషా విద్యాపథకం ఆరంభమైంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం సాధ్యమైనంతవరకు మాతృభాషా మాధ్యమాన్ని కోరింది. 2020 జాతీయ విద్యావిధానమూ అదే చెప్పింది. పుస్తకాలు అచ్చయితే చాలదు. వాటిని పట్టుకొని నిలబడే పండితునికి రెండు భాషల మధ్య ఎక్కడ గట్టు ఉందో, ఎక్కడ గొయ్యి ఉందో తెలియాలి.

ప్రాచ్య కళాశాలలకు ఇక్కడ పూర్వోదాహరణ లేకపోలేదు. గిడుగు రామమూర్తి (1863–1940) పర్లాకిమిడిలో బోధిస్తూ సవర నేర్చుకొని 1931లో దాని వ్యాకరణాన్ని, 1938లో నిఘంటువును వెలువరించాడు. గ్రాంథికాభిమానులకు ఆయన వ్యావహారికవాదిగానే గుర్తున్నాడు, సవర పండితునిగా గుర్తుంచుకొన్నవారు తక్కువ. సవర ముండా కుటుంబానిది. దూరం స్పష్టం గనుక అది వేరు భాష అనడంలో ఎవరికీ సందేహం కలగలేదు. కోయకు ఆ అదృష్టం లేదు.

భాషాపండిత శిక్షణలో రెండు చేర్పులు అవసరం. మొదటిది, ప్రతి శిక్షణార్థీ నాలుగు వారాలపాటు పూర్తిగా అపరిచితమైన భాషను తొలిపాఠం నుండి నేర్చుకోవడం. ఇందుకు జర్మన్‌కంటె స్వాహిలీయే తగినది. ఉచ్చారణ సులభం, లేఖనం ఉచ్చారణకు అనుగుణం, నెల తిరిగేసరికి చిన్న సంభాషణ పట్టుబడుతుంది. వ్యాకరణ భావనలు మాత్రం కొత్తవి. సంస్కృత పరిచయం జర్మన్‌లో అందించే ఊతకఱ్ఱ అక్కడ దొరకదు. తెలియని భాష వినబడే గదిలో కూర్చోవడం ఎటువంటిదో పండితునికి అనుభవంలోకి వస్తుంది.

రెండవది, గోండీ లేదా కోయ వ్యాకరణసారాన్ని బాలవ్యాకరణ పరిభాషలోనే బోధించడం. మహత్తు, అమహత్తు, వ్యతిరేకార్థకం, ఔపవిభక్తికం వంటి సంజ్ఞలు విద్యార్థులకు ముందే తెలుసు. కొత్త పరిభాష అక్కరలేదు. ఆంత్రపాలజిస్టు స్టీఫెన్ టైలర్ 1969లో ప్రచురించిన కోయ వ్యాకరణం ఆంగ్లంలో అందుబాటులో ఉంది. తెలుగు బోధకునికి ఉపకరించే రీతిలో దానిని తిరగరాయడం ఒక పరిశోధక విద్యార్థి రెండేళ్ల శ్రమకు తగిన పని. దానితోపాటు ఏరు, లోను వంటి సరూప భిన్నార్థక పదాల పట్టిక ఒకటి కావాలి. తొలివిడతగా నూరు మాటలు చాలు. గంగారం, కొత్తగూడ గ్రామాలలోని పెద్దలవద్ద కూర్చొని వాటిని సరిచూసుకోవాలి, ఎందుకంటే కోయలో ప్రాంతభేదాలు ఉన్నాయి, గోదావరితీరపు మాట అడవిలోపలి మాటతో అన్నిచోట్లా ఏకీభవించదు. ఆ పట్టికను మొదట తొలి రెండు తరగతుల తెలుగు వాచకంలోని మాటలతో పోల్చి చూడాలి. ‘ఏరు తాగాడు’ అని రాసిన జవాబుకు మార్కు వేయాలా, కొట్టివేయాలా అన్నది అప్పుడు తేలుతుంది.